ఫోన్-ఇన్: న్యూరోబయాలజీ ల్యాబ్‌లో రీసెర్చ్ అసిస్టెంట్ ఉద్యోగం

యాంకర్: నమస్కారం, ఫోన్-ఇన్ కార్యక్రమానికి స్వాగతం. పిండంలో మెదడు ఎలా తయారవుతుందో పరిశోధించే ల్యాబుల్లో రీసెర్చ్ అసిస్టెంట్ల పని గురించి ఈ రోజు మాట్లాడుకుందాం. చాలా ఏళ్లుగా అలాంటి ల్యాబ్ నడుపుతున్న డాక్టర్ గారు మనతో ఉన్నారు. నమస్కారం మేడమ్.

నిపుణురాలు: నమస్కారమండీ.

యాంకర్: మొదటి కాల్. హలో, చెప్పండి.

మొదటి శ్రోత: నమస్తే మేడమ్. బయోటెక్నాలజీలో ఎమ్మెస్సీ అయింది. వచ్చే వారం ఇలాంటి ల్యాబ్‌లోనే ఇంటర్వ్యూ ఉంది. మెదడు గురించి పెద్దగా చదవలేదు. టెన్షన్‌గా ఉంది.

నిపుణురాలు: మెదడు గురించి అంతా తెలిసి రావాలని ఎవరూ అనుకోరు బాబూ. ఆ ల్యాబ్ నుంచి కొత్తగా వచ్చిన పేపర్లు రెండు చదువు. అర్థం కాని చోట గీత పెట్టుకుని, వెళ్లి వాళ్లనే అడుగు. డీఎన్ఏ ముక్కకి లెక్కలేనన్ని కాపీలు తీసే పీసీఆర్ చేశావా?

మొదటి శ్రోత: ప్రాజెక్టులో చేశాను మేడమ్.

నిపుణురాలు: జెల్ మీద డీఎన్ఏ గీత, అదే బ్యాండ్, రాని రోజు ఏం చేశావు?

మొదటి శ్రోత: మళ్లీ చేశాను.

నిపుణురాలు: ఏం మార్చి మళ్లీ చేశావు? నేనైతే అదే అడుగుతాను. కాపీ చేయాల్సిన చోటుని పట్టుకునే చిన్న డీఎన్ఏ ముక్క, అదే ప్రైమర్, మార్చావా, ఉష్ణోగ్రత మార్చావా, బ్యాండ్ తప్పక రావాల్సిన శాంపిల్, అదే పాజిటివ్ కంట్రోల్, పెట్టావా, అదంతా ఎక్కడ రాశావు? నీ నోట్‌బుక్ వెంట తీసుకెళ్లు. గుర్తుంటుందిలే అనుకునేవాళ్లతో మా పని సాగదు.

యాంకర్: థాంక్యూ అండీ. తర్వాతి కాల్. హలో?

రెండో శ్రోత: హలో... వినిపిస్తోందా మేడమ్? నేను ఎలుకల ల్యాబ్‌లో చేరి ఐదు నెలలైంది. మాది మెదడు పైపొర, అదే కార్టెక్స్, దాని మీద పని. మొదట్లో సొల్యూషన్లు కలపడం, ఏ ఎలుకలో జీన్ ఎలా ఉందో డీఎన్ఏతో చూసే జీనోటైపింగ్, అంతే. ఇప్పుడు గడ్డకట్టించిన కణజాలాన్ని కోసే క్రయోస్టాట్ యంత్రం మీద పలచని ముక్కలు, అదే సెక్షన్లు, నేనే కోస్తున్నాను. మొదట్లో చిరిగిపోయేవి, చుట్టుకుపోయేవి, ఇప్పుడు పర్లేదు. అయితే యాంటీబాడీలతో స్టెయినింగ్ చేస్తే అక్కర్లేని మెరుపు, అదే బ్యాక్‌గ్రౌండ్, ఎక్కువగా వస్తోంది. స్లైడంతా ఆకుపచ్చగా మెరుస్తోంది. కడగడం పెంచాను, యాంటీబాడీ ఎక్కడపడితే అక్కడ అతుక్కోకుండా చేసే బ్లాకింగ్ పెంచాను, అయినా అంతే...

నిపుణురాలు: మనం వెతికే ప్రొటీన్‌కి అతుక్కునే ప్రైమరీ యాంటీబాడీ లేకుండా, ఆ ప్రైమరీకి అతుక్కుని మెరిసే సెకండరీ ఒక్కటే వేసిన స్లైడ్ పెట్టావామ్మా?

రెండో శ్రోత: లేదు మేడమ్. సెక్షన్లు వేస్ట్ అవుతాయని...

నిపుణురాలు: వేస్ట్ కాదు. అది లేకపోతే ఆ మెరుపు ఎక్కడిదో నీకెలా తెలుస్తుంది? ప్రతిసారీ ఒక స్లైడ్ అలా పెట్టు. అదీ మెరిస్తే తప్పు సెకండరీదైనా అయి ఉండాలి, లేదా ఆ కణజాలమే స్వతహాగా మెరుస్తూ ఉండాలి. మెరవకపోతే ప్రైమరీని ఇంకా పలచన చేసి చూడు. కణజాలం చెడకుండా ఫిక్స్ ఎంతసేపు చేశావు?

రెండో శ్రోత: 4 శాతం పీఎఫ్ఏలో, అదే మా ఫిక్సేటివ్ ద్రావణంలో, రాత్రంతా.

నిపుణురాలు: ఎన్ని గంటలకి పెట్టావు, ఎన్నింటికి తీశావు?

రెండో శ్రోత: సాయంత్రం... టైమ్ రాసుకోలేదు మేడమ్.

నిపుణురాలు: ఇదిగో. గుర్తుంటుందిలే అనుకోవద్దు. ఎక్కువసేపు ఫిక్స్ అయితే యాంటీబాడీ అతుక్కునే చోటు మూసుకుపోవచ్చు. ఒక పిండం పన్నెండు గంటలు, ఇంకోటి ఇరవై గంటలు ఉంటే ఆ రెండింటినీ ఎలా పోలుస్తావు?

రెండో శ్రోత: సరే మేడమ్. అది కాకుండా... ఇంకో విషయం. చెప్పొచ్చా?

యాంకర్: కాస్త త్వరగా చెప్పండి.

రెండో శ్రోత: మొన్న ఒక తల్లి ఎలుక నుంచి ఎనిమిది పిండాలు తీశాం, పద్నాలుగున్నర రోజులవి. తలలు ఫిక్సేటివ్‌లో వేశాను, తోక ముక్కలు జీనోటైపింగ్‌కి స్క్రూ క్యాప్ ట్యూబుల్లో వేశాను. ఐదు, ఆరు చేస్తుంటే ఎవరో పిలిచారు. తిరిగి చూసేసరికి రెండు ట్యూబుల మూతలూ తీసే ఉన్నాయి. నంబర్లేమో మూతల మీదే రాశాను.

నిపుణురాలు: మూత మీద ఒక్కచోటేనా? ట్యూబు పక్కన రాయలేదా?

రెండో శ్రోత: లేదు మేడమ్. పీసీఆర్‌లో ఐదు మ్యూటెంట్, అంటే మేం చూసే జీన్ లేనిది, ఆరు నార్మల్ అని వచ్చింది. కానీ సెక్షన్లలో ఆరోదాని కార్టెక్సే పలచగా ఉంది. అంటే మూతలు తారుమారయ్యాయని... నంబర్లు మార్చి రాశాను.

నిపుణురాలు: మార్చి రాశావా?

రెండో శ్రోత: పెన్సిల్‌తోనే మేడమ్.

నిపుణురాలు: పెన్ను, పెన్సిల్ కాదమ్మా ఇక్కడ సమస్య. ఆ జీన్ లేకపోతే కార్టెక్స్ పలచబడుతుందా అన్నదే కదా మీ ప్రశ్న? పలచగా ఉంది కాబట్టి ఇది మ్యూటెంట్ అని నువ్వే రాసేస్తే ఇంక ప్రయోగం ఎందుకు? మూతలు మారకపోయి ఉండొచ్చు. కోత ఏటవాలుగా పడినా కార్టెక్స్ మందం తప్పుగా కనిపిస్తుంది. ఒకే తల్లి కడుపులో కూడా ఒక పిండం కొన్ని గంటలు వెనకబడి ఉండొచ్చు. ఎలుక గర్భం మొత్తం 19, 20 రోజులే. కార్టెక్స్ న్యూరాన్లు దాదాపుగా 11వ రోజు నుంచి 17వ రోజు దాకా పుడతాయి, ముందు లోపలి పొరలవి, తర్వాత పైపొరలవి. అందులో సగం రోజంటే చిన్న తేడా కాదు.

రెండో శ్రోత: అవును మేడమ్...

నిపుణురాలు: 1924లో అచ్చయిన ఒక ప్రయోగంలో జర్మన్ శాస్త్రవేత్తలు హన్స్ స్పెమాన్, హిల్డె మాంగోల్డ్ బల్లిలా కనిపించే న్యూట్ అనే ఉభయచరం పిండంలోంచి చిన్న ముక్క తీసి ఇంకో న్యూట్ పిండంలో అతికించారు. అక్కడ మెదడు, వెన్నుపాముగా మారే గొట్టం, అదే నాడీ నాళం, రెండోది వచ్చింది, దాదాపు రెండో పిండమే తయారైంది. ఆ ఫలితాన్ని ఎందుకు నమ్మగలిగామో తెలుసా? ఒకటి లేత రంగు జాతి, ఇంకోటి ముదురు రంగు జాతి. ఏ కణం ఎవరిదో రంగే చెప్పేసింది. అతికించిన ముక్క తన చుట్టూ ఉన్న కణాల చేత నాడీ నాళం కట్టించిందని అలా తేలింది. ఏది ఎవరిదో తెలియకపోతే ఆ ఫలితానికి విలువే లేదు. నీ ట్యూబు మీద నంబరూ అలాంటిదే.

రెండో శ్రోత: అయితే మేడమ్, ఆ తలల్లో మిగిలిన ముక్కల నుంచి నేనే మళ్లీ డీఎన్ఏ తీసి చూస్తాను. సరిపోతే ఇంక చెప్పక్కర్లేదు కదా?

నిపుణురాలు: చెప్పాలి. ఫిక్స్ అయిన కణజాలంలో డీఎన్ఏ ముక్కలైపోతుంది. చిన్న ముక్కను పెంచే ప్రైమర్లైతే పని చేయొచ్చు, చేయకపోవచ్చు. ఆ ప్రయత్నం మంచిదే, కానీ ముందు చెప్పి ఆ తర్వాత చెయ్యి.

యాంకర్: మేడమ్, లైన్లో ఇంకా కాలర్స్ ఉన్నారు...

నిపుణురాలు: ఒక్క నిమిషం ఉండండి. అమ్మా, ఉన్నావా?

రెండో శ్రోత: ఉన్నాను మేడమ్. మా పోస్ట్‌డాక్, అదే పీహెచ్‌డీ అయ్యాక మా ల్యాబ్‌లో పరిశోధన చేస్తున్నవాళ్లు, ఆ లెక్కలు గ్రూప్ మీటింగ్‌లో చూపించేశారు. ఇప్పుడు చెబితే ఉద్యోగం పోతుందేమో. చెప్పకుండా... ఆ రెండూ పాడయ్యాయని తీసేస్తే సరిపోదా?

నిపుణురాలు: పాడవలేదు కదా తల్లీ. ఇందాకటి ప్రశ్నే మళ్లీ అడుగుతున్నావు. భయం నాకు అర్థమైంది. మీ ల్యాబ్‌లో ఏమంటారో నేను చెప్పలేను. నా సంగతి చెబుతాను. నా ల్యాబ్‌లో ఒకసారి లేబుళ్లు మారిన సంగతి రెండు నెలల తర్వాత బయటపడింది. ఆ రెండు నెలల లెక్కంతా తీసేశాం. చేసినవాళ్లకి మొదటి రోజే తెలుసు. ఆ రోజే చెప్పి ఉంటే ఒక పూట పని పోయేది. నాకు కోపం వచ్చింది ట్యూబులు మారినందుకు కాదు. రేపు పొద్దున మీ పోస్ట్‌డాక్‌ని పక్కకి పిలిచి, ఫలానా తేదీన, ఐదు, ఆరు నంబర్ల మీద అనుమానం ఉంది, నంబర్లు మార్చింది నేనే అని చెప్పు. నోట్‌బుక్‌లో పాత నంబరు చెరపకు. ఒక్క గీత కొట్టి, పక్కన తేదీ వేసి, ఎందుకో రాయి. పరీక్షలో తేలకపోతే ఆ రెండింటినీ లెక్కలోంచి తీసేయండి, కారణం అదే రాయండి. లెక్కపెట్టేటప్పుడు ఏది మ్యూటెంటో నీకు తెలియకుండా ఇంకొకరి చేత స్లైడ్లకి కోడ్ వేయించుకో.

రెండో శ్రోత: చెబుతాను మేడమ్. రేపే.

నిపుణురాలు: ట్యూబుకి రెండు చోట్ల రాయి. మూత మీదా, పక్కనా.

యాంకర్: థాంక్యూ అమ్మా. తర్వాతి కాల్.

మూడో శ్రోత: నమస్కారమండీ. నేను ఇలాంటి ల్యాబ్‌లోనే పని చేస్తున్నాను. గర్భవతిని, ఇప్పుడు రెండో నెల. ల్యాబ్‌లో ఇంకా ఎవరికీ చెప్పలేదు. మూడో నెల దాటాక చెబుదామని అనుకుంటున్నాం.

నిపుణురాలు: శుభాకాంక్షలండీ. కానీ ఆగొద్దు. ఇంట్లోవాళ్లకి ఎప్పుడు చెప్పాలన్నది మీ ఇష్టం. ల్యాబ్ హెడ్‌కో సేఫ్టీ ఆఫీసర్‌కో మాత్రం ఈ వారమే చెప్పండి. మనం చదివేది ఇదే కదా. మనిషి పిండంలో నాడీ నాళం దాదాపు 28 రోజులకల్లా మూసుకుంటుంది, ఆ తర్వాత కూడా మెదడు నెలల తరబడి పెరుగుతూనే ఉంటుంది. పీఎఫ్ఏ పొడి తూచడం, కలపడం వేరేవాళ్లకి ఇవ్వండి. మామూలు మాస్కు ఆ ఆవిరిని ఆపదు. కొత్తగా పుట్టే కణాలను గుర్తుపట్టడానికి వాడే బీఆర్‌డీయూ రసాయనం వాడుతున్నారా?

మూడో శ్రోత: వాడతామండీ, ఇంజెక్షన్లకి.

నిపుణురాలు: అది విభజన చెందుతున్న కణాల డీఎన్ఏలోకి వెళ్లి కూర్చుంటుంది. అందుకే కదా వాడతాం. దాని జోలికి వెళ్లొద్దు. మీరు వాడే ప్రతి రసాయనం పేరూ రాసి మీ డాక్టరుకీ చూపించండి.

మూడో శ్రోత: సరేనండీ, రేపే చెబుతాను.

యాంకర్: ధన్యవాదాలు. నాలుగో కాల్, చెప్పండి.

నాలుగో శ్రోత: మేడమ్, జీబ్రా చేపల ల్యాబ్ మాది. ఆదివారం కూడా రమ్మంటారు. ఇదేం పద్ధతి మేడమ్?

నిపుణురాలు: చేపలకి ఆదివారం తెలియదు నాన్నా. పొద్దున లైటు వెలగగానే గుడ్లు పెడతాయి, 28.5 డిగ్రీల దగ్గర ఒక్క రోజులోనే మెదడు భాగాలు విడివిడిగా కనిపిస్తాయి. ఆ గంట దాటితే ఆ దశ పోయినట్టే. కానీ ప్రతి ఆదివారం నువ్వొక్కడివే వెళ్తుంటే అది అన్యాయం. వంతులు వేయమని అడుగు, ఆ వంతులు గోడ మీద రాసి పెట్టమను. పని చేసిన ఆదివారానికి బదులు సెలవు...

నాలుగో శ్రోత: అడిగితే వాళ్లేమో...

యాంకర్: లైన్ కట్ అయినట్టుంది. ఆఖరి కాల్. ఒక్క ప్రశ్న మాత్రమే అండీ.

ఐదో శ్రోత: ఏడాదిన్నర స్టెయినింగ్ అంతా నేనే చేశాను మేడమ్. పేపర్లో నా పేరు ఉంటుందో లేదో ఎవరూ చెప్పడం లేదు.

నిపుణురాలు: పేపర్ రాయడం మొదలవకముందే అడగండి. ఏ ఫిగర్లో ఏ ఇమేజ్ మీదో, ఏ తేదీన చేశారో ఒక పేజీలో రాసి తీసుకెళ్లండి. చెప్పింది చేయడం ఒకటి, ప్రయోగాన్ని ఇలా కాదు అలా చేద్దామని మార్చి ఫలితం రాబట్టడం ఇంకోటి. రెండోది మీరు చేసి ఉంటే పేరు అడిగే హక్కు మీకుంది. నోట్‌బుక్ ఉందిగా?

ఐదో శ్రోత: ఉంది మేడమ్. తేదీలతో సహా.

నిపుణురాలు: అయితే అది పట్టుకునే వెళ్లండి.

యాంకర్: సమయం అయిపోయింది మేడమ్. థాంక్యూ.

నిపుణురాలు: ఇందాకటి అమ్మాయి వింటుంటే, పక్క స్లైడ్ మర్చిపోవద్దని చెప్పండి, సెకండరీ ఒక్కటే వేసింది.

యాంకర్: వింటూనే ఉంటారు మేడమ్. నమస్కారం.