తీర్పు కంటే ముందరి కాగితాలు

అధ్యక్షులకు, తోటి అధ్యాపకులకు, విద్యార్థులకు నమస్కారం. సమయం తక్కువ కనుక నేరుగా విషయంలోకి వస్తాను.

1870లో అమెరికాలోని హార్వర్డ్ న్యాయ కళాశాలలో దాని డీన్ లాంగ్డెల్ ప్రవేశపెట్టిన కేసుల పద్ధతి, ఉపన్యాసం విని రాసుకునే విద్యార్థి చేత తీర్పులే చదివించి, అందులోని సూత్రాన్ని అతడే వెలికితీసేలా చేసింది. ఆ మేలును నేను కాదనను. అయితే తీర్పు చేతికి వచ్చేసరికి ఏ వాస్తవం అవసరమో, ఏది కాదో న్యాయమూర్తి అప్పటికే తేల్చేసి ఉంటారు.

డోనహ్యూ కేసు మీ అందరికీ తెలుసు. 1928లో స్కాట్లండ్‌లోని పైస్లీలో స్నేహితులొకరు కొనిచ్చిన జింజర్ బీర్ తాగిన మే డోనహ్యూ, లోపలేముందో కనిపించని ఆ సీసాలో కుళ్లిన నత్త ఉందంటూ తయారీదారుపై దావా వేసింది. వినియోగదారు పట్ల తయారీదారుకు జాగ్రత్త వహించే బాధ్యత ఉంటుందని 1932లో అప్పటి బ్రిటన్ అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ 3-2 మెజారిటీతో తేల్చింది. కానీ ఆ సీసాలో నత్త ఉన్నదని ఏ కోర్టులోనూ రుజువు కాలేదు. ఆమె చెప్పినవి నిజమే అనుకుంటే దావా నిలుస్తుందా అన్నదే అక్కడి ప్రశ్న. ఆ తర్వాత తయారీదారు మరణించారు, వ్యవహారం రాజీతో ముగిసింది. ఇంత పేరున్న కేసు రాజీలో ముగిసిందని నా చదువులో ఒక్కరూ చెప్పలేదు!

తీర్పులే తప్ప వాటి బయటి సంగతులు నేర్వని ఆ లోటు నా మొదటి కక్షిదారుకు నష్టం చేసింది. తమ్ముడితో గోడ తగాదా గురించి వచ్చిన ఆ పెద్దాయన మాట్లాడుతుండగా ఆపి, తేదీలు, దస్తావేజులు అడిగాను. ఆయన జేబులోంచి మడతలు నలిగిన కాగితమొకటి తీసి, ఒక్క క్షణం చూసి, మళ్లీ లోపల పెట్టుకున్నారు. నేను గోడ కొలతలు రాసుకున్నాను. అది మాట్లాడుకుందాం రమ్మని తమ్ముడు రాసిన ఉత్తరమని, దావా వేసిన చాలా నెలలకు గానీ నాకు తెలియలేదు.

మూడు అంశాలు చెప్పాలని వచ్చాను, మిగతా రెండూ వదిలేస్తున్నాను. అధ్యాపకులారా, ఈ సంవత్సరం ఒక్క కేసైనా తీర్పు చూపకుండా మొదలుపెట్టండి. వాది కథ ఒక కాగితం మీద, ప్రతివాది కథ మరో కాగితం మీద రాసి, ఇద్దరు విద్యార్థులకు విడివిడిగా ఇవ్వండి. అవతలివారి భయమేమిటో ఎవరి కాగితంలోనూ ఉండకూడదు, అడిగి రాబట్టాలి. మధ్యవర్తిగా కూర్చునే మూడో విద్యార్థికి ఏ కాగితమూ ఇవ్వకండి. రాజీ కుదిరినా, కుదరకపోయినా, తీర్పు చదివించడం ఆ తర్వాతే.

ఆ గోడ తగాదానే గుర్తుపట్టకుండా మార్చి రెండు కాగితాలుగా రాశాను. అన్నగారి కాగితంలో ఉత్తరం సంగతి చిట్టచివరి పంక్తిలో ఉంటుంది. ప్రతులు ఆ బల్ల మీద ఉన్నాయి, కావలసినవారు తీసుకోండి.