మూడు ఉలులు, ఒక సానరాయి

శ్రోతలకు నమస్కారం.

విజయనగరంలో గానీ శ్రీకాకుళంలో గానీ ఇనుపసామాన్ల కొట్టుకి వెళ్తే, రంగు పిడులున్న ఆరు ఉలులు ఒకే సంచిలో పెట్టి చౌకగా ఇస్తారు. కొత్తగా వడ్రంగం మొదలుపెట్టే కుర్రాళ్ళు ముందు కొనేది అదే. ఆ ఆరింటిలో రోజూ చేతికొచ్చేవి మూడు: పావంగుళం, అరంగుళం, అంగుళం. ఆ డబ్బుకి ఇంకొంత కలిపి ఈ మూడే మంచివి కొనండి. వాటితోపాటు సానరాయి కొనండి. రాయి లేకుండా ఎంత ఖరీదైన ఉలి కొన్నా నెల తిరక్కుండా మొద్దుబారి మూల పడుతుంది.

ఉలికి మనం పెట్టే డబ్బు అసలు ఉక్కుకీ, ఆ ఉక్కుకి పెట్టిన పాయనానికీ, అంటే కాల్చి ముంచి గట్టిపరచడానికీ. మంచి ఉలి గట్టిదనం రాక్‌వెల్ కొలతలో 58 నుంచి 62 దాకా ఉంటుంది. కొట్టు దగ్గర ఆ కొలత తీయలేం గానీ, ఇనుముని అరగదీసే పాత ఆకురాయి ఒకటి జేబులో ఉంటే చాలు. ఉలి అంచుకి అంగుళం లోపల, పక్కవైపున మెల్లగా ఒకసారి గీయండి. ఆకురాయి జారిపోతే, లేదా అతి కష్టంమీద పట్టితే ఉక్కు గట్టిది. వెన్నలో దిగినట్టు దిగిందంటే పాయనం సరిగ్గా పడలేదు. అలాంటి ఉలిని గుగ్గిలం, తుమ్మ లాంటి కొయ్యమీద నాలుగు దెబ్బలు కొడితే అంచు మడతపడుతుంది. దీనికి వ్యతిరేకం కూడా ఉంది: గట్టిదనం మరీ ఎక్కువైతే అంచు పెళుసై పలుకులుగా రాలిపోతుంది. మడతపడితే మెత్తన, రాలిపోతే పెళుసు అని గుర్తుపెట్టుకుంటే, తప్పు మన నూరుడులో ఉందో ఉక్కులో ఉందో తెలుస్తుంది.

మన ఊళ్ళ కమ్మరి కొలిమిలో లారీ కమాను పట్టీతో చేసిన పనిముట్లని తక్కువ చూడొద్దు. ఆ ఉక్కు దెబ్బ బాగా ఓర్చుకుంటుంది. బాడిసకీ, లోతు బెజ్జాలు తొలిచే మందపాటి ఉలికీ అది బాగా పనికొస్తుంది. సన్నపని ఉలికి మాత్రం అంతకంటే కార్బన్ ఎక్కువున్న ఉక్కు కావాలి, పదును ఎక్కువసేపు నిలవాలి కాబట్టి. కమ్మరి దగ్గర చేయించుకుంటే పాయనం పెట్టేటప్పుడు పక్కనే ఉండండి. అంచుభాగం అయస్కాంతానికి అంటుకోనంత ఎర్రగా కాలాక నూనెలో ముంచాలి. తర్వాత మెరిసేలా రుద్ది, మళ్ళీ మెల్లగా వేడి చేస్తే రంగులు వరసగా వస్తాయి. అంచుకి ఎండుగడ్డి రంగు రాగానే ఆపాలి. నీలం దాకా పోనిస్తే ఉలి మెత్తబడుతుంది. గ్రైండర్ మీద సాన పట్టేటప్పుడు అంచు నీలంగా మారడమూ ఇదే నష్టం. రెండు మూడు సెకన్లకోసారి నీళ్ళలో ముంచాలి. నీలం తిరిగిన భాగానికి మళ్ళీ గట్టిదనం నూరుడుతో రాదు. అంతమేరా అరగదీసి పారేయాల్సిందే.

ఇక పదును సంగతి. కొత్త ఉలి కొట్టునుంచి పదునుగా రాదు, ఎంత పెట్టి కొన్నా సరే. ముందు వీపు చూడాలి, అంటే వాలు లేని చదునువైపు. అంచునుంచి ఒక అంగుళం మేర అది అద్దంలా చదును కావాలి. మందపాటి అద్దం ముక్క మీద వాటర్ పేపరు, అంటే తడిపి వాడే గరుకు కాగితం పరిచి 400, 800, 1200, 2000 నంబర్ల వరసలో రుద్దండి; నంబరు పెరిగేకొద్దీ గరుకు సన్నబడుతుంది. తుప్పు పట్టనివ్వకపోతే ఈ పని ఉలికి జీవితంలో ఒక్కసారే. చాలామంది దీన్ని వదిలేసి వాలువైపే నూరుతూ కూర్చుంటారు, ఎంత నూరినా తెగదు. వాలూ వీపూ రెండూ నున్నగా కలిసిన చోటే పదును పుడుతుంది. వీపున గాడి ఉంటే అంచు కూడా రంపంలా పళ్ళుపళ్ళుగా ఉంటుంది.

వాలు ఎంత ఉండాలన్నది కోణమానిని లేకుండానే తేలుతుంది. ఉలి మందం 3 మిల్లీమీటర్లు అనుకుందాం. వాలు పొడవు 6 మిల్లీమీటర్లు ఉంటే అది 30 డిగ్రీలు. 7 ఉంటే ఇంచుమించు 25. మామిడి లాంటి మెత్తని కొయ్యని చేత్తో తోస్తూ చెక్కడానికి 25 హాయిగా తెగుతుంది. సుత్తిదెబ్బకీ, గట్టి కొయ్యకీ 30 కావాలి. వాలంతా 25కి ఉంచి, కొసన ఒక్క మిల్లీమీటరు మాత్రం 30కి నూరుకుంటే చాకిరీ సగం తగ్గుతుంది. 1000 నంబరు రాయిమీద నూరుతుంటే వీపువైపు వేలికి సన్నని గరుకు తగులుతుంది. అంచు పొడవునా ఆ గరుకు తగిలితేనే నూరుడు అంచుదాకా వచ్చినట్టు. అప్పుడు 4000 లేదా 6000 రాయికి మారి, వీపుని రాయిమీద బల్లపరుపుగా ఆనించి ఆ గరుకు తీసేయాలి. మామిడి చెక్క అడ్డుకోత మీద, అంటే నారకి అడ్డంగా కోసిన ముఖం మీద చెక్కి చూడండి. నున్నగా మెరిస్తే పదును కుదిరింది, తెల్లగా నలిగితే ఇంకా పని ఉంది.

రాయి కూడా అరుగుతుంది. నడుమ గుంట పడ్డ రాయిమీద ఏ ఉలీ తిన్నగా నిలవదు, అంచు గుండ్రమైపోతుంది. అద్దంమీద గరుకు కాగితం పరిచి రాయిని అప్పుడప్పుడూ చదును చేయాలి.

బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణలు చేసేవాళ్ళు ఒకే పనస మొద్దుని తొలిచి ఏకాండి వీణ తీస్తారు. లోపల పలచగా మిగిల్చిన చోట మొద్దుబారిన ఉలి ఎగిరి పక్కకి దిగితే, అతుకు పెట్టడానికి అందులో రెండో చెక్క లేదు. మొద్దు ఉలికి బలం ఎక్కువ పెట్టాలి, బలం పెట్టినప్పుడే చెయ్యి తప్పుతుంది. తెగిన వేళ్ళ సంగతి కూడా ఇంతే.

చెక్కని నున్నగా చేసే చిత్రికకి వద్దాం. ఇనుప చిత్రిక కొనేటప్పుడు అడుగు చదునుగా ఉందో లేదో చూడాలి. అడుగున పెన్సిలుతో అడ్డగీతలు గీసి, అద్దంమీది గరుకు కాగితంపై నాలుగుసార్లు తోయండి. ముందుకొస, కోసే రేకు బయటికొచ్చే నోటికి ముందున్న అంచు, వెనకకొస, ఈ మూడు చోట్లా గీతలు చెరిగితే చాలు. మధ్యలో ఎక్కడో చిన్న పల్లం ఉన్నా నష్టం లేదు. నోటి దగ్గరే పల్లముంటే మాత్రం వద్దు. వేప, గుగ్గిలం లాంటి కొయ్యల్లో నార అటూ ఇటూ తిరిగి ఉంటుంది, చిత్రిక పడితే పొరలు లేస్తాయి. అందుకు మందు రేకు మీదుండే మూతరేకు. ముతకపనికి అది పదునుకి ఒకటిన్నర మిల్లీమీటరు వెనక, నున్నపనికి అర మిల్లీమీటరు లోపే ఉండాలి. రెండు రేకుల మధ్య వెలుతురు కనపడితే ఆ సందులో చెక్కపొట్టు ఇరుక్కుంటుంది. మూతరేకు కొసని రాయిమీద రుద్ది ఆ సందు మూసేయండి. అడుగుకి కొవ్వొత్తి రాస్తే తోపుడు తేలికవుతుంది.

రంపం దగ్గర ఒక్కటే చూడండి. పళ్ళ కొసలు నల్లగా నీలంగా ఉంటే అది వాడి పారేసే రకం, ముక్కోణపు ఆకురాయి దానిమీద పట్టదు. మళ్ళీ పళ్ళు తీసుకోగల రంపం ధర ఎక్కువైనా ఏళ్ళ తరబడి నిలుస్తుంది. టేకులో సిలికా ఉండడంవల్ల పళ్ళు తొందరగా మొద్దుబారతాయి, కాబట్టి టేకుపని ఎక్కువ చేసేవాళ్ళకి ఈ తేడా బాగా తెలుస్తుంది.

మూల సరిగ్గా 90 డిగ్రీలుందో లేదో చూసే మూలమట్టాన్ని కొట్టులోనే పరీక్షించొచ్చు. తిన్నని అంచున్న చెక్కకి ఆనించి ఒక గీత గీయండి. మట్టాన్ని తిరగేసి, అదే చుక్కనుంచి మళ్ళీ గీయండి. రెండు గీతలూ ఒకదానిమీద ఒకటి పడితే మంచిది. విడిపోతే, కనపడే సందులో సగం దాని తప్పు. ఆ తప్పు తలుపుచట్రం నాలుగు మూలల్లోనూ చేరుతుంది.

2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో వడ్రంగం, కమ్మరం రెండూ ఉన్నాయి. పనిముట్లకి 15,000 రూపాయల దాకా ఈ-వోచరు ఇస్తారు. అది అందుకున్నవాళ్ళు, కిట్టు చేతికి రాగానే ఇప్పుడు చెప్పిన ఆకురాయి పరీక్ష, పెన్సిలు గీతల పరీక్ష, మూలమట్టం పరీక్ష మూడూ చేసి చూసుకోవాలి.

చివరగా తుప్పు. బారువ నుంచి కళింగపట్నం మీదుగా భోగాపురం దాకా ఉప్పుగాలి. దానికితోడు చేతిచెమట. పని ముగియగానే పొడిగుడ్డతో తుడిచి, కుట్టుమిషను నూనె పలచగా రాయండి. కొబ్బరినూనె వద్దు, పాతబడ్డాక అందులో పుట్టే ఆమ్లం ఇనుముని తింటుంది. పనస జిగురు అంటితే ముందు కిరోసిన్‌తో తుడవాలి. తడి గోనెసంచిలో చుట్టి పెట్టొద్దు. వానాకాలంలో వారానికోసారి పెట్టె తెరిచి చూడండి. గోధుమరంగు మరక కనపడ్డ రోజే 2000 నంబరు కాగితంతో తుడిచేస్తే పోతుంది. వదిలేస్తే వీపున గుంటలు పడతాయి, అప్పుడు మళ్ళీ అద్దంమీద 400 కాగితంతో మొదలుపెట్టాలి.

సెలవు.