పదివేల టాబ్లెట్ చవక అని మీకు ఎవరు చెప్పారు?

నమస్కారం. పదివేల రూపాయల లోపు టాబ్లెట్ కొనవద్దని పోయిన వీడియోలో నేను అన్న ఒక్క మాటకు, ఎవరి నోటి దగ్గరి కూడో లాగేసినట్టుగా వారం రోజులుగా నాకు అక్షింతలు పడుతున్నాయి. ముప్పైవేలు పెట్టే స్తోమత అందరికీ ఉండదని, నేను డబ్బున్నవాడి కబుర్లు చెబుతున్నానని మీ ఆరోపణ. అందుకు నా మాట వెనక్కి తీసుకోకపోగా ఇంకొంచెం గట్టిగానే చెబుతున్నాను. మధ్యతరగతి ఇంట్లోకి వచ్చే వస్తువుల్లో పదివేల టాబ్లెట్ అంత ఖరీదైనది మరొకటి లేదు.

లెక్క చూడండి. ఆపిల్ ఎనిమిదో తరం ఐప్యాడ్ 2020లో మన దేశంలో 29,900 రూపాయలకు వచ్చింది. 2025లో విడుదలైన ఐప్యాడ్‌ఓఎస్ 26, అంటే ఐప్యాడ్‌ను నడిపే సాఫ్ట్‌వేర్ కొత్త రూపం, ఆ పాత పరికరానికి కూడా అందింది. అంటే అయిదేళ్లకు పంచుకుంటే ఏడాదికి ఆరువేల రూపాయలైనా పడలేదు, ఇప్పుడు అమ్మినా చేతికి నాలుగు డబ్బులు వస్తాయి. అదే మా మేనకోడలికి నేను ముచ్చటపడి కొనిచ్చిన పదివేల టాబ్లెట్, దాని పేరు ఇక్కడ అనవసరం, ఏడాదిన్నర తిరిగేసరికి పాఠం తెరవడానికే నిమిషాలు తీసుకునే స్థితికి వచ్చి మూలన పడింది. దాని ఖర్చు ఏడాదికి 6,600 పైచిలుకు. ఇప్పుడు చెప్పండి, ఏది చవక?

ఆ మందగమనం వెనుక కారణం పెట్టె మీద పెద్ద అక్షరాల్లో ఉండదు. పది అంగుళాల తెర అని, ఇన్ని వేల ఎంఏహెచ్ బ్యాటరీ అని ఘనంగా అచ్చువేసేవారు, ఫైళ్లు దాచే లోపలి నిల్వ రెండు రకాల్లో ఏది, ఈఎంఎంసీయా, యూఎఫ్ఎస్సా అన్నది మాత్రం చీమ తలకాయంత అక్షరాల్లోనైనా వేయరు. ఈఎంఎంసీ అంటే ఒకవైపు బండ్లు దాటాక గానీ రెండోవైపు బండ్లు కదలలేని ఇరుకు వంతెన వంటిది, ఎందుకంటే అది చదవడం, రాయడం ఒకేసారి చేయలేదు. యూఎఫ్ఎస్ ఆ రెండు పనులూ ఏకకాలంలో చేస్తుంది. ఆ ఇరుకు వంతెన మీదికి 32 జీబీ నిల్వ తోడై, అందులో సగానికి దగ్గరగా సిస్టమే మింగేసి, మిగిలినదాన్ని వాట్సాప్ ఫొటోలు నింపేశాక, టాబ్లెట్ ముక్కుతూ మూలగకుండా ఏం చేస్తుంది? సినిమాల సంగతి మరీ అన్యాయం. సినిమాలను కాపీ కొట్టకుండా కాపాడే గూగుల్ తాళం వైడ్‌వైన్‌లో పై స్థాయి అయిన ఎల్1 ధ్రువీకరణ లేని పరికరంలో నెట్‌ఫ్లిక్స్ హెచ్‌డీలో రాదు కాబట్టి, పెద్ద తెర కోసమని డబ్బు పెట్టి, ఆ పెద్ద తెర మీద మసక బొమ్మ చూడవలసి వస్తుంది.

ఇన్ని లోపాలున్న సరుకు ఇంతకాలంగా ఎలా అమ్ముడుపోతోందంటే, దానికి నా దగ్గర ఒక సిద్ధాంతం ఉంది. చవక టాబ్లెట్‌ను కొనేవాడు వేరు, వాడేవాడు వేరు. ఫోన్ కొనేవాడు దాన్ని రోజూ తానే మోస్తాడు కాబట్టి నెమ్మదిస్తే తానే తిట్టుకుంటాడు. టాబ్లెట్‌ను తండ్రి కొంటాడు, మేనమామ కొంటాడు, ప్రభుత్వం కొంటుంది. వాడే పిల్లకు దుకాణంలో నోరు లేదు, నోరున్న పెద్దమనిషికి అది ఎంత నత్తనడక నడుస్తుందో తెలియదు. ఈ సందులోనే ఆ వ్యాపారమంతా నడుస్తోంది.

విద్యార్థుల కోసమని కేంద్ర ప్రభుత్వం తెచ్చిన ఆకాశ్ టాబ్లెట్‌ను గుర్తు చేసుకోండి. 2011 అక్టోబర్ 5న ఢిల్లీలో అప్పటి కేంద్ర మంత్రి కపిల్ సిబల్ చేతుల మీదుగా, ప్రపంచంలోకెల్లా చవకైన టాబ్లెట్ అంటూ అట్టహాసంగా విడుదలైంది. మన హైదరాబాద్‌లోనే దాన్ని బిగించారు కూడా. లోపల చూస్తే 366 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 256 ఎంబీ ర్యామ్, పైన గట్టిగా నొక్కితే గానీ స్పందించని రెసిస్టివ్ తెర. ఏడాది తిరిగిన వెంటనే ఆకాశ్ 2 పేరుతో తెర, ప్రాసెసర్, ర్యామ్ అన్నీ మార్చి మళ్లీ తీసుకురావలసి వచ్చింది. ఆ మొదటి యంత్రాన్ని ఎంపిక చేసిన వారిలో ఒక్కరైనా దాని మీద ఒక పూట చదువుకొని ఉంటే అది పిల్లల దాకా వచ్చేదా?

అమెజాన్ మరీ తెలివైనది. 2015లో ఫైర్ టాబ్లెట్‌ను యాభై డాలర్లకే పెట్టి, అరటిపళ్లు అమ్మినట్టు అరడజను ఒకే పెట్టెలో, అయిదింటి ధరకే అమ్మింది. పరికరం అమ్మినప్పుడు కాదు, జనం దాన్ని వాడినప్పుడు డబ్బు సంపాదిస్తామని ఆ సంస్థ అప్పటి అధిపతి జెఫ్ బెజోస్ అంతకుముందే బాహాటంగా చెప్పారు. తెర తెరవగానే ప్రకటన, అది వద్దంటే అదనపు రుసుము! అమెరికా నుంచి చాక్లెట్లతో పాటు సూట్‌కేసులో దిగిన ఆ టాబ్లెట్లు మన ఇళ్లలో ఎన్ని ఉన్నాయో, వాటిలో గూగుల్ ప్లే స్టోర్ కనిపించక ఎందరు తల పట్టుకున్నారో మీకే తెలుసు.

అయితే ముప్పైవేలు పెట్టి తీరాలా అంటే, అక్కర్లేదు. 2022లో 14,999 రూపాయలకు వచ్చిన రెడ్‌మీ ప్యాడ్‌లో హీలియో జీ99 ప్రాసెసర్, యూఎఫ్ఎస్ నిల్వ రెండూ ఉన్నాయి కాబట్టి, ఆ తరగతి మీద నాకు పేచీ లేదు. అంత కూడా కుదరకపోతే, నమ్మకమైన చోట పాత ఐప్యాడ్ తీసుకోండి. ఏది కొన్నా, బిల్లు కట్టకముందు దాన్ని వాడబోయే పిల్ల చేతికి పది నిమిషాలు ఇచ్చి, మీరు పక్కన నోరు మూసుకొని నిలబడండి.

అన్నట్టు, నేను కొనిచ్చిన ఆ పదివేల టాబ్లెట్ పూర్తిగా వృథా ఏమీ కాలేదు. మొన్న వెళ్లినప్పుడు చూశాను, మా మేనకోడలు దాన్ని బోర్లించి, పైన కాగితం పెట్టుకొని లెక్కలు చేసుకుంటోంది. పరీక్ష అట్టకన్నా నున్నగా ఉంది మామయ్యా అంది.