నవల రాస్తానంటే శాంపిల్ సైజు అడిగారు

(విశాఖ పౌర గ్రంథాలయంలో సృజనాత్మక రచన విద్యార్థుల కోసం చేసిన ప్రసంగం)

వేదిక మీది పెద్దలకు, ముందు వరసలో ఉన్న ఆచార్యులకు, వెనక నిలబడ్డ పిల్లలకు నమస్కారం. ముందు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, రండమ్మా, కూర్చోండి.

థీసిస్ ప్రతిపాదన, అంటే పట్టా కోసం ఏం రాయబోతున్నారో ముందుగా విశ్వవిద్యాలయానికి చెప్పే పత్రం, ఎలా రాయాలో చెప్పమని పిలిచారు. అది త్వరగా చెప్పేస్తాను. రాయబోయేది నవలా, కథలా, కవితలా? సుమారు ఎన్ని పేజీలు? ఎవరిని చదివి ఈ దారిలోకి వచ్చారు? ఏ భాగం ఎప్పటికి పూర్తవుతుంది? గైడు ఎవరు? వీటితో పాటు నమూనా పేజీలు. చాలాచోట్ల విమర్శనాత్మకమైన ముందుమాట కూడా అడుగుతారు, ముందే కనుక్కోండి. నేనైతే మొదటి పేరా, నమూనా పేజీలు చూశాకే మిగతాది చదువుతాను.

ఆ మొదటి పేరా గురించే ఒక సంగతి చెప్పాలి. జాలరిపేట అమ్మాయి ఒకామె ‘మత్స్యకారుల జీవన సంఘర్షణను ఆవిష్కరించే నవల’ అని రాసుకొచ్చింది. ఎవరి ఇల్లమ్మా, ఏ నెల అని అడిగాను. అప్పుడు మొదలెట్టింది చెప్పడం. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, చేపలు గుడ్లు పెట్టే కాలమని వేట నిషేధం. బోట్లు హార్బర్‌లో కట్టేసుంటాయి. మొగుడు ఇంట్లో ఉంటాడు. పెళ్లాం ఎండుచేపల గంప ఎత్తుకుని వీధులు తిరుగుతుంది. గంప దించగానే అతను చెయ్యి చాపుతాడు. ‘రేపు సరుకు కొనాలి’ అంటుంది, డబ్బు తియ్యదు. ఆ రెండు నెలలూ ఇంటి పెత్తనం ఆమెది. మళ్లీ వేట మొదలయ్యాక ఆమె దాన్ని వదులుకుంటుందా?

ఇదిగో, ఇదే రాయమన్నాను. ఒక ఇల్లు, 61 రోజులు, 200 పేజీలు. ప్రతిపాదన, నమూనా అధ్యాయం రాసింది. ఆ అధ్యాయం చదివి నాకు నిద్ర పట్టలేదు.

దాన్ని ఒక విశ్వవిద్యాలయానికి పట్టుకెళ్లింది. ఫారంలో పరికల్పన, అంటే రుజువు చెయ్యబోయే ఊహ; శాంపిల్ సైజు, అంటే ఎంతమందిని పరిశీలించారన్న లెక్క; దత్తాంశ సేకరణ, అంటే సమాచారం పోగెయ్యడం అని గడులున్నాయి. ‘ఎంతమందిని సర్వే చేశావమ్మా?’ అని అడిగారు. ‘ఒక్కామెనండి. ఆమెను కూడా నేనే పుట్టించాను’ అంది. ఫైలు తిప్పి పంపేశారు. చివరికి ఇతరుల నవలల మీద పరిశోధన చేసి పట్టా తెచ్చుకుంది. సొంత నవల మూడో అధ్యాయంలో ఆగిపోయింది.

అయ్యా, నాకు కడుపు మండేది ఇక్కడే. అమెరికాలో అయోవా విశ్వవిద్యాలయం 1922లోనే సృజనాత్మక రచనను థీసిస్‌గా ఒప్పుకుంది. అప్పటికి మన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పుట్టనే లేదు, అది 1926. రావిశాస్త్రి గారు ఈ ఊళ్లోనే వకాలతు చేస్తూ, కోర్టుల్లో చూసిన మనుషుల్ని కథల్లోకి తెచ్చారు. ఆయన మీద పరిశోధన చేసినవాళ్లకు పట్టాలొచ్చాయి, రావాలి కూడా. కానీ ఆయనే ఇవాళ కథల కట్ట పట్టుకొచ్చి ‘ఇది నా థీసిస్’ అంటే మన ఫారంలో ఏ గడి నింపమంటాం?

ముందు వరస వారికి చేతులెత్తి అడుగుతున్నాను. ఈసారి కోర్సుల సంగతి తేల్చే మీ బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో ఈ మాట పెట్టండి. నవలకు వేరే ఫారం ఇవ్వండి. పరీక్షకుల్లో ఒక్కరైనా కథో కవితో రాసినవాళ్లు ఉండాలి. తెలుగులో రాస్తే తెలుగులోనే పరీక్షించండి.

చెప్పాలనుకున్న మిగతావి వదిలేస్తున్నాను, సమయం లేదు. పిల్లలూ, మొదటి పేరాలు రాసి తెచ్చారు కదా? ఆ చివర నుంచి ఒక్కొక్కరూ చదవండి, వింటాను.