ముగింపు తెలిసిన కథకి ఇంత టెన్షనా? | ఆండోర్ సీజన్ 2 రివ్యూ

అందరికీ నమస్కారం. ఈ వీడియోలో స్టార్ వార్స్ సిరీస్ ఆండోర్ రెండో సీజన్ గురించి మాట్లాడుకుందాం. 2025 ఏప్రిల్ 22న మొదలై మే 13తో అయిపోయింది కదా, ఇప్పుడు రివ్యూ ఏంటి అని కొందరు అడగొచ్చు. కారణం ఉంది. ఈ మధ్య రెండు సీజన్లూ, మొత్తం 24 ఎపిసోడ్లూ మొదటి నుంచి చూశాను. చివరి ఎపిసోడ్ అయిపోయిన రాత్రే, ఈ కథ ఆగిన చోట మొదలయ్యే రోగ్ వన్ సినిమా కూడా పెట్టుకున్నాను. వారం వారం చూసినప్పుడు నాకు తట్టని విషయం ఒకటి ఈసారి బాగా పట్టుకుంది. అది చెప్పాలనే ఈ వీడియో.

ముందే చెప్తున్నా, స్పాయిలర్లు ఉంటాయి. చూడనివాళ్ళు ఇక్కడే ఆపేసి, చూసొచ్చాక మిగతాది వినండి.

నిజానికి ఈ కథలో అన్నిటికంటే పెద్ద స్పాయిలర్ 2016లోనే బయటికొచ్చేసింది. రోగ్ వన్ చూసినవాళ్ళందరికీ తెలుసు, మన హీరో కాసియన్ ఆండోర్ స్కారిఫ్ అనే గ్రహం మీద సముద్రపు ఒడ్డున చనిపోతాడు. గెలాక్సీని ఏలే ఎంపైర్ మీద తిరుగుబాటుకి రహస్యంగా సాయం చేసే సెనేటర్ మాన్ మాత్మా బతుకుతుంది. గ్రహాలనే పేల్చేసే ఎంపైర్ ఆయుధం డెత్ స్టార్ తయారవుతుంది, తర్వాత పేలిపోతుంది. అంటే ఈ సిరీస్ సృష్టికర్త టోనీ గిల్‌రాయ్ చేతికి వచ్చిన కథ ముగింపు ముందే రాసేసి ఉంది. మామూలుగా మన ఫ్యాన్స్ మధ్య ఏ సిరీస్ వచ్చినా మొదటి చర్చ ఏంటి? ఎవరు కనిపిస్తారు, ఎవరు చస్తారు, చివర్లో ఏ ట్విస్ట్ ఉంది. నేనూ అంతే, విడుదలైన వారాల్లో నా ధ్యాసంతా కాసియన్ తోడు రోబో కే-టూ ఎప్పుడొస్తాడా అనే దాని మీదే ఉంది. రెండోసారి చూస్తుంటే అవేవీ గుర్తుకు రాలేదు. అయినా మొదటిసారి కంటే ఎక్కువ టెన్షన్ పడ్డాను. ఎందుకో ఒక్కో సీన్ తీసుకుని చెప్తాను.

ముందు సీజన్ కట్టిన తీరు. గిల్‌రాయ్ మొదట అనుకున్నది ఐదు సీజన్లు, ఒక్కో సీజన్‌కి ఒక్కో ఏడాది కథ. ఈ లెక్కన పూర్తవడానికి ఏళ్ళకేళ్ళు పడుతుందని అర్థమై, మిగిలిన నాలుగేళ్ళ కథనీ రెండో సీజన్‌లోనే సర్దారు. మూడు ఎపిసోడ్లకి ఒక ఏడాది. విడుదల కూడా అలాగే, వారానికి మూడు చొప్పున నాలుగు వారాలు. దీనివల్ల ప్రతి వారం ఒక సినిమా చూసినట్టు ఉంటుంది. ఇబ్బంది కూడా అక్కడే ఉంది, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

మొదటి మూడు ఎపిసోడ్లు నాకు కొంచెం సాగినట్టే అనిపించాయి. కాసియన్ అడవిలో ఒక తిరుగుబాటు గుంపుకి చిక్కుతాడు. వాళ్ళలో వాళ్ళే కొట్టుకుంటూ ఉంటారు. తిరుగుబాటు ఇంకా ఒక్క తాటి మీదికి రాలేదని చెప్పడానికే ఆ ట్రాక్ పెట్టారు. ఆ సంగతి పది నిమిషాల్లో అర్థమైపోతుంది, గంట అక్కర్లేదు.

కానీ అదే మూడో ఎపిసోడ్ చివర్లో మాన్ మాత్మా కూతురి పెళ్ళి సీన్ ఉంది చూశారా, దాని గురించి ఎంత చెప్పినా తక్కువే. ఆమె చిన్ననాటి స్నేహితుడు టే కొల్మా నోరు జారే ప్రమాదం ఉందని, తిరుగుబాటుని చాటుగా నడిపించే లూథెన్ తేల్చేశాడు. ఏం జరగబోతోందో ఆమెకి అర్థమైంది. ఆపలేదు. బయట టే ఎక్కిన బండిని నడిపేది ఎవరో మనకు కనిపిస్తుంది, లూథెన్ మనిషి సింటా. లోపల మాన్ మాత్మా గ్లాసు మీద గ్లాసు తాగి డాన్స్ ఫ్లోర్ మధ్యలోకి వెళ్ళి ఆడటం మొదలుపెడుతుంది. చుట్టూ ఉన్న అతిథులు పెళ్ళి సంబరం అనుకుంటున్నారు. ఆ పాత్ర చేసిన జెనెవీవ్ ఓరైలీ ముఖం చూడండి, కళ్ళు ఎక్కడా నిలవవు. ఒక్క డైలాగ్ లేదు. మ్యూజిక్ పెరిగేకొద్దీ మనకి ఊపిరి ఆడదు. ఈమె చివరికి బతుకుతుందని నాకు తెలుసు. బతకడానికి ఏమేం వదులుకుందో మాత్రం తెలియదు. టెన్షన్ ఇక్కడి నుంచే పుడుతోంది.

ఇక గోర్మన్. ఈ సీజన్‌కి గుండెకాయ ఇదే. సాలెపురుగుల పట్టుతో బట్ట నేసే గ్రహం అది. డెత్ స్టార్ రియాక్టర్ లెన్సులకి పూత పూయడానికి కావలసిన కాల్కైట్ ఆ నేల అడుగున ఉంది. తవ్వి తీస్తే గ్రహమే నిలవకపోవచ్చు. మొదటి ఎపిసోడ్‌లోనే డెత్ స్టార్ పని చూసే ఎంపైర్ అధికారి క్రెనిక్ కొండల మధ్య ఒక భవనంలో అధికారులని కూర్చోబెట్టి ఈ సంగతి చెప్తాడు. ఆ మీటింగ్‌కి ప్రచార శాఖ నుంచి కూడా మనుషులు వస్తారు. గోర్మన్ జనం గర్విష్టులు, వాళ్ళకి ఏం జరిగినా పర్వాలేదు అని గెలాక్సీ అంతా అనుకునేలా ముందే ప్రచారం చేయాలని ప్లాన్. ఈ సీన్‌కి 1942లో నాజీ అధికారులు జరిపిన వాన్‌సీ సమావేశం స్ఫూర్తి అని గిల్‌రాయ్ చెప్పారు. ఆ ముక్క తెలిశాక మళ్ళీ చూస్తే, ఆ మర్యాద మాటలు, ఆ తిండి బల్లలు వేరేగా కనిపిస్తాయి. చంపడం గురించి ఎవరూ గొంతు పెంచి మాట్లాడరు.

గోర్మన్ కోసం ఒక భాష తయారు చేశారు. ఫ్రెంచ్ నటులని తీసుకున్నారు. పాల్మో నగరంలోని ఆ పెద్ద చౌరస్తాని లండన్ దగ్గర పైన్‌వుడ్ స్టూడియోలో నిజంగానే కట్టారు. ఇంత శ్రమ ఎందుకంటే, ఎనిమిదో ఎపిసోడ్ వచ్చేసరికి ఆ ఊరు మనకి పరిచయమైపోవాలి. ఆ హోటల్ ఎక్కడుందో, అమరుల స్తూపం ఎక్కడుందో తెలిసిపోవాలి. తెలిసిపోయింది కాబట్టే జనం చౌరస్తాలోకి చేరుతున్నప్పుడు ఏ దారి మూసేశారో మనకి వాళ్ళకంటే ముందే తడుతుంది. ఇంపీరియల్ వాళ్ళు ముందు వరుసలో కుర్రాళ్ళని నిలబెడతారు, పెద్దగా అనుభవం లేనివాళ్ళని. జనం పాట అందుకుంటారు. ఒకరి గొంతు, తర్వాత పది, తర్వాత చౌరస్తా అంతా. అప్పుడు పైనుంచి ఒక స్నైపర్ కాల్చింది ఎవరిని? తమ సైనికుడినే. జనం మీద కాల్పులకి ఆ ఒక్క గుండు సాకు చాలు.

ఆ గొడవ మధ్యలో సిరిల్. కైల్ సోలర్ చేసిన ఈ పాత్రని రెండు సీజన్లుగా ద్వేషించాను. తను చట్టం కోసం పనిచేస్తున్నానని నిజంగా నమ్మినవాడు. తను ప్రేమించిన ఎంపైర్ గూఢచారి అధికారి డెడ్రా తనని వాడుకుందని, ఈ ఊరిని చంపడానికే తనని ఇక్కడికి పంపారని తెలిసి చౌరస్తాలోకి నడుస్తాడు. అక్కడ కాసియన్ కనిపిస్తాడు. తన పతనానికి కారణం ఇతనే అని ఇన్నేళ్ళుగా మనసులో పెట్టుకున్న మనిషి. మీద పడి కొడతాడు. కాసియన్‌కి ఇతనెవరో కూడా తెలియదు, నువ్వెవరు అని అడుగుతాడు. ఆ మాటకి సిరిల్ చేతిలో తుపాకి కిందికి వాలిపోతుంది. మరుక్షణం ఇంకెవరో కాల్చిన గుండుకి పడిపోతాడు. నేను ద్వేషించిన మనిషి కోసం నా గొంతు పట్టేసింది.

తొమ్మిదో ఎపిసోడ్‌లో మాన్ మాత్మా సెనేట్‌లో లేచి, జరిగింది జాతి హత్య అని పేరు పెట్టి చెప్తుంది. సెనేట్ భవనానికి స్పెయిన్‌లోని వలెన్సియాలో ఉన్న సిటీ ఆఫ్ ఆర్ట్స్ అండ్ సైన్సెస్‌ని వాడారు. ఆ తెల్లటి భారీ భవనాల మధ్య ఆమె ఎంత చిన్నగా కనిపిస్తుందో గమనించండి. ఈ ఎపిసోడ్ రాసింది టోనీ తమ్ముడు డాన్ గిల్‌రాయ్. అమెరికా టీవీ అవార్డులైన 2025 ఎమ్మీల్లో డ్రామా సిరీస్ రచనకి అవార్డు దీనికే వచ్చింది. మొత్తం ఐదు ఎమ్మీలు గెలిచింది ఈ సీజన్. ప్రొడక్షన్ డిజైన్, కాస్ట్యూమ్స్, విజువల్ ఎఫెక్ట్స్, గోర్మన్ జనం పాడే ఆ పాట కూడా. ఆ పాటకి అవార్డు వచ్చిందని వినగానే చాలా సంతోషపడ్డాను.

ఇప్పుడు నచ్చనివి. ఏడాది నుంచి ఏడాదికి దూకడం వల్ల కొన్ని పాత్రల కథ కట్టె, కొట్టె, తెచ్చె అన్నట్టు అయిపోయింది. సింటా మరణం అందులో ఒకటి. ఏడాదికి పైగా దూరమైన తర్వాత తను ప్రేమించిన వెల్‌ని కలిసింది, ఇద్దరూ మాట్లాడుకున్నారు, ఒక కుర్రాడి చేతిలో పొరపాటున పేలిన తుపాకికి పోయింది. యుద్ధంలో అలాగే జరుగుతుంది, ఒప్పుకుంటా. కానీ వాళ్ళిద్దరి మధ్య ఏం విరిగిందో మనం చూడనే లేదు. కాసియన్ ప్రేమించిన బిక్స్ విషయంలో నా అసంతృప్తి ఇంకా పెద్దది. మొదటి సీజన్‌లో చిత్రహింస, రెండో సీజన్‌లో మళ్ళీ దాడి, ఆ తర్వాత పీడకలలు. చివరికి కాసియన్ పోరాటం ఆగకూడదని తనే వదిలి వెళ్ళిపోవడం. బిక్స్‌గా ఆడ్రియా అర్జోనా బాగా చేసింది. ఆ పాత్రకి తనదంటూ ఒక పని, ఒక నిర్ణయం ఇంకా ముందు నుంచే ఇచ్చి ఉండాల్సింది. కాసియన్ చెల్లెలి సంగతీ అంతే. ఆమె కోసం వెతుకుతూనే మొదలైన కథ ఇది, చివరికి ఒక కలతో సరిపెట్టేశారు.

రెండు సీజన్లకీ కలిపి దాదాపు 65 కోట్ల డాలర్లు ఖర్చయిందని గిల్‌రాయ్ స్వయంగా చెప్పారు. ఇంత డబ్బు ఇలాంటి కథకి మళ్ళీ ఎవరైనా ఇస్తారా అన్నది నా బెంగ. ఇవ్వాలని గట్టిగా కోరుకుంటున్నాను.

చివరిగా పదో ఎపిసోడ్. నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. లానీ అనే అతను ఇంపీరియల్ గూఢచారి సంస్థలో ఉంటూ లూథెన్‌కి ఏళ్ళ తరబడి రహస్యాలు చేరవేశాడు. ఇంట్లో చిన్న పాప ఉంది. డెత్ స్టార్ గురించిన వార్త మొట్టమొదట తెచ్చింది అతనే. తెచ్చి, ఇక నన్నూ నా కుటుంబాన్నీ తప్పించు అని అడుగుతాడు. తర్వాతి షాట్‌లో లూథెన్ ఒక్కడే నడిచి వెళ్ళిపోతుంటాడు. లానీ బెంచీ మీదే ఉండిపోయాడు, కదలడు. ఆ వార్త లూథెన్ నుంచి అతని సహచరి క్లేయాకి చేరుతుంది. లూథెన్ పట్టుబడకూడదని తనని తనే పొడుచుకుంటాడు, ఇంపీరియల్ వాళ్ళు ఆసుపత్రిలో బతికించడానికి చూస్తారు. తనని చిన్నప్పుడు చేరదీసి పెంచిన మనిషికి అమర్చిన మెషీన్లని క్లేయా తన చేత్తోనే ఆపేస్తుంది. క్లేయాగా చేసిన ఎలిజబెత్ డులావ్ అతని నుదుటి మీద ముద్దు పెట్టి, వెనక్కి తిరిగి నడిచే ఆ కొద్ది సెకన్లు నేను రెండుసార్లు వెనక్కి తిప్పి చూశాను. క్లేయా నుంచి ఆ వార్త కాసియన్‌కి, అతన్నించి తిరుగుబాటుదారుల స్థావరం యావిన్‌కి.

వెంటనే రోగ్ వన్ పెట్టాను. కాఫ్రీన్ అనే చోట ఒక ఇన్ఫార్మర్ కాసియన్‌కి డెత్ స్టార్ గురించి చెప్తాడు. చేతికి దెబ్బ, గోడ ఎక్కి పారిపోలేడు. ఏం కాదులే అని ఊరడించి, కాసియన్ అతన్ని కాల్చేస్తాడు. 2016లో ఆ సీన్ చూసి, వీడేం హీరో అనుకున్నాను. ఈసారి ఆ క్షణంలో నాకు కనిపించింది బెంచీ మీద కదలకుండా కూర్చున్న లానీ. కాసియన్ ఆ పని ఎవరి దగ్గర నేర్చుకున్నాడో ఇప్పుడు తెలుసు. కాసియన్‌గా చేసిన డియేగో లూనా ముఖం మీద ఒక్క సెకను నిలిచే ఆ నొప్పి అప్పుడూ ఉంది, నేనే చూడలేదు.

మీరూ రెండూ వెంట వెంటనే చూడండి. చూశాక ఆ సీన్ మీకు ఎలా అనిపించిందో కింద రాయండి, ప్రతి ఒక్కటీ చదువుతాను.