అది పొగరు కాకపోవచ్చు: టీనేజ్ పిల్లల్లో డిప్రెషన్

[తెర మీద: ఓరగా వేసిన తలుపు. లోపల గోడవైపు తిరిగి పడుకున్న అబ్బాయి. గుమ్మం దగ్గర అమ్మ.]

"భోజనానికి రా నాన్నా."
"ఆకలి లేదు."
"పొద్దున కూడా తినలేదు కదరా. ఏమైందసలు?"
"ఏం లేదన్నానా! వదిలెయ్ అమ్మా!"

వాయిస్: ఇలాంటి జవాబు వినగానే పెద్దవాళ్ల నోట వచ్చే మాట "వీడికి పొగరెక్కువైంది" అని. చాలాసార్లు అది వయసు తెచ్చే చిరాకే, నాలుగు రోజుల్లో సర్దుకుంటుంది. కొన్నిసార్లు మాత్రం దాని వెనక జబ్బు ఉంటుంది. ఆ తేడా ఎలా పట్టుకోవాలో చూద్దాం.

డిప్రెషన్ అనగానే ఏడుపు మొహం గుర్తొస్తుంది. పిల్లల్లో, టీనేజర్లలో దిగులు బదులు కోపం, విసుగు పైకి కనిపించొచ్చు. మానసిక వైద్యులు జబ్బును నిర్ధారించడానికి వాడే డీఎస్ఎం-5 అనే పుస్తకంలో కూడా ఇది ఉంది. ఈ వయసువాళ్లలో దిగులు కనిపించకపోయినా, విడవకుండా ఉండే చిరాకును దాని స్థానంలో లెక్కించవచ్చని అందులో రాశారు. ఈ ఒక్క సంగతి తెలియకే ఎంతోమంది పిల్లలు వైద్యం అందాల్సిన చోట తిట్లు తింటున్నారు.

[తెర మీద: 2 వారాలు. 9 లక్షణాల్లో కనీసం 5.]

వాయిస్: నిర్ధారణకు డాక్టర్లు చూసే లక్షణాలు తొమ్మిది. దిగులు లేదా చిరాకు, ఇష్టమైన పనుల మీద ఆసక్తి పోవడం, ఆకలిలో మార్పు, నిద్రలో మార్పు, నీరసం, మందకొడిగా మారడం లేదా నిలకడగా ఉండలేకపోవడం, ఎందుకూ పనికిరానన్న భావన, చదువు మీద మనసు నిలవకపోవడం, చావు గురించిన ఆలోచనలు. వీటిలో కనీసం ఐదు, దాదాపు ప్రతిరోజూ, రెండు వారాలపాటు ఉండాలి. ఆ ఐదింటిలో మొదటి రెండింటిలో ఒకటైనా ఉండి తీరాలి. ఇదంతా చూసి మీరే ఇంట్లో తీర్పు ఇచ్చేయకండి. డాక్టర్ దగ్గరికి వెళ్లాలా వద్దా అని తేల్చుకోవడానికి వాడుకోండి, చాలు.

వీటిలో అందరి కళ్లూ తప్పించుకునేది రెండోది, ఆసక్తి పోవడం. రోజూ బొమ్మలు వేసే అమ్మాయి ఉందనుకుందాం. పుస్తకం తెరుస్తుంది, పెన్సిల్ చెక్కుతుంది, కాసేపు అలాగే కూర్చుని మూసేస్తుంది. స్నేహితులు పంపిన మెసేజ్‌లు చూస్తుంది, జవాబివ్వదు. మార్కులు ఇంకా పడిపోలేదు కాబట్టి ఇంట్లో ఎవరికీ అనుమానం రాదు. నన్నడిగితే మార్కులకంటే ముందు చూడాల్సింది ఇదే: ఇంతకుముందు ఆ పిల్లకి ప్రాణంగా ఉన్నదేంటి, ఇప్పుడది ఏమైంది?

నిద్ర దగ్గర కాస్త జాగ్రత్త. ఈ వయసులో శరీరంలోని గడియారం సహజంగానే వెనక్కి జరుగుతుంది, రాత్రి ఆలస్యంగా నిద్ర పడుతుంది. వాళ్లకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి కూడా. కాబట్టి పొద్దెక్కి లేచినంత మాత్రాన కంగారు పడొద్దు.

ఎందుకొస్తుందంటే ఒక్క కారణం చెప్పలేం. వంశపారంపర్యం, అయినవాళ్లను పోగొట్టుకోవడం, వేధింపులు, ఇంట్లో గొడవలు, దీర్ఘకాలిక జబ్బులు, వీటిలో కొన్ని కలిసి పనిచేస్తాయి. యుక్తవయసు వచ్చాక అబ్బాయిలకంటే అమ్మాయిల్లో దాదాపు రెట్టింపు కనిపిస్తుంది. తప్పంతా ఫోన్ మీదకు నెట్టేస్తే అసలు కారణం వెతకడం అక్కడితో ఆగిపోతుంది.

[తెర మీద: రోడ్డు మీద పక్కపక్కన నడుస్తున్న తండ్రి, కూతురు.]

వాయిస్: ఇక మాట్లాడటం. ఎదురుగా కూర్చోబెట్టి ప్రశ్నలు వేస్తే పిల్లలు బిగుసుకుపోతారు. నడుస్తున్నప్పుడో, బట్టలు మడతపెడుతున్నప్పుడో అడిగితే కాస్త తేలిగ్గా నోరు విప్పుతారు. "నీకేం తక్కువ చేశాం?", "మేం పడ్డ కష్టాల ముందు నీదెంత?" అన్న మాటలు మాత్రం వద్దు. అసలే ఎందుకూ పనికిరానని కుమిలిపోతున్న పిల్లకి అవి ఇంకో రుజువులా వినిపిస్తాయి. "ఈమధ్య బొమ్మలు వేయట్లేదేంటమ్మా? నాకు దిగులుగా ఉంది" అని మీరు చూసింది చూసినట్టు చెప్పండి. జవాబు రాకపోతే ఊరుకుని, మర్నాడు మళ్లీ అడగండి.

చావు గురించి అడగడానికి చాలామంది భయపడతారు, లేని ఆలోచన మనమే పుట్టిస్తామేమోనని. అడగడం వల్ల ఆ ఆలోచన పుట్టదని పరిశోధనలు చెబుతున్నాయి. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా, మెల్లగా అడగండి. అవునంటే కోప్పడకండి, ఒంటరిగా వదలకండి. మందులు, ప్రమాదకరమైన వస్తువులు చేతికందకుండా తీసేయండి. ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి, లేదా మీ ప్రాంతంలోని హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయండి. ఈ వీడియో చూస్తున్నది నువ్వే అయితే, అలాంటి ఆలోచనలు నీకే వస్తుంటే, ఇంట్లోనో బడిలోనో నువ్వు నమ్మే పెద్దవాళ్లకు ఇప్పుడే చెప్పు. ఒకరు పట్టించుకోకపోతే ఇంకొకరికి చెప్పు.

వైద్యం ఉంది, పనిచేస్తుంది. థైరాయిడ్, రక్తహీనత లాంటివి కూడా నీరసం తెస్తాయి కాబట్టి డాక్టర్లు అవసరమైతే ముందు ఆ పరీక్షలు చేయిస్తారు. తక్కువ స్థాయిలో ఉంటే మాటల చికిత్సతో మొదలుపెడతారు. అందులో ఎక్కువగా వాడేది సీబీటీ, అంటే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ. "నావల్ల ఏదీ కాదు" లాంటి ఆలోచనను పట్టుకుని పరీక్షించడం, మానేసిన పనులను చిన్న చిన్నగా మళ్లీ మొదలుపెట్టడం అందులో నేర్పుతారు. మధ్యస్థం నుంచి తీవ్రం దాకా డిప్రెషన్ ఉన్న 439 మంది టీనేజర్ల మీద అమెరికాలో జరిపిన టాడ్స్ అనే అధ్యయనం 2004లో వెలువడింది. ఫ్లూఆక్సెటిన్ అనే డిప్రెషన్ మందు, సీబీటీ రెండూ అందుకున్నవాళ్లలో 12 వారాలకు 71 శాతం మంది మెరుగుపడ్డారు. పోలిక కోసం ఇచ్చే, మందు లేని ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 35 శాతం.

మందుల గురించి ఒక హెచ్చరిక కూడా తెలియాలి. 2004లోనే అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ పిల్లలకిచ్చే డిప్రెషన్ మందుల మీద గట్టి హెచ్చరిక ముద్రించమంది. ఈ మందుల మీద జరిగిన ప్రయోగాల్లో ఆత్మహత్య ఆలోచనలు, ప్రవర్తన మందు వాడినవాళ్లలో సుమారు 4 శాతం, ఉత్తుత్తి మాత్ర వాడినవాళ్లలో 2 శాతం కనిపించాయి. ఆ ప్రయోగాల్లో ఎవరూ ఆత్మహత్య చేసుకోలేదు. మందుకు భయపడి వైద్యం మానేయమని దీని అర్థం కాదు. మొదటి వారాల్లో, మోతాదు మార్చినప్పుడు పిల్లల్ని దగ్గరుండి చూసుకోవాలి, మార్పు కనిపిస్తే డాక్టర్‌కి వెంటనే చెప్పాలి. మందు గుణం తెలియడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పట్టొచ్చు. తేరుకున్నాక కూడా కొన్ని నెలలు కొనసాగిస్తారు. "ఇప్పుడు బాగానే ఉన్నాడుగా" అని మీ అంతట మీరు ఆపేయకండి. ఎప్పుడు ఆపాలో డాక్టర్ చెప్పి, మోతాదు మెల్లగా తగ్గిస్తారు.