ఇరవై మూడేళ్ల కెర్బర్

అధ్యక్షులకు, తల్లిదండ్రులకు, కప్పులు అందుకున్న పిల్లలకు నమస్కారం. కప్పు రాని పిల్లలకు ఇంకో నమస్కారం, ఎందుకంటే నేను మాట్లాడబోయేది మీ గురించే.

నిర్వాహకులు స్టెఫీ గ్రాఫ్ గురించి చెప్పమన్నారు. టెన్నిస్‌లో 22 గ్రాండ్‌స్లామ్ సింగిల్స్ టైటిళ్లు గెలిచిన మనిషి గురించి నేను కొత్తగా చెప్పేదేముంది? అదే జర్మనీ నుంచి వచ్చిన ఏంజెలిక్ కెర్బర్ గురించి చెప్తాను.

2011 వింబుల్డన్‌లో మొదటి రౌండ్‌లోనే ఇంటిముఖం పట్టింది. ఆ ఏడాది చాలాచోట్ల ఇదే వరస. వయసు 23. ఆట మానేద్దామా అన్నంత దాకా వెళ్లింది. మన దగ్గరైతే ఈపాటికి పెళ్లిచూపులు కూడా అయిపోయేవి. నవ్వకండమ్మా, నిజమే చెప్తున్నాను! ఆమె మాత్రం ఆఫెన్‌బాఖ్‌లో ఒక అకాడమీకి వెళ్లి ఒళ్లు వంచింది. అదే సెప్టెంబర్లో, 92వ ర్యాంకుతో, యూఎస్ ఓపెన్ సెమీస్ ఆడింది.

సర్వీసు ఆమెకు పెద్ద ఆయుధమేమీ కాదు. పుట్టుకతో కుడిచేతి వాటం, రాకెట్ పట్టేది ఎడమచేత్తో. బంతి తక్కువ ఎత్తులో వస్తే మోకాలు దాదాపు నేలకు ఆనేలా గొంతుక్కూర్చుని, అక్కణ్ణుంచే లైను వెంబడి ఫోర్‌హ్యాండ్ కొట్టేది. పిల్లలూ, ఇంటికెళ్లి ఆ వీడియోలు చూడండి. రేపు నా ముందు చేసి చూపించాలి.

సెక్రటరీగారు వాచీ చూపిస్తున్నారు. భోజనాలు ఎక్కడికీ పోవు సార్, ఒక్క నిమిషం.

2016 మెల్‌బోర్న్, ఆస్ట్రేలియన్ ఓపెన్. మొదటి రౌండ్‌లో మిసాకి దోయ్ చేతిలో ఇంకొక్క పాయింటు పోతే ఓటమే అన్న మ్యాచ్ పాయింట్ దాకా వచ్చి బతికి బయటపడింది. ఫైనల్లో సెరెనా విలియమ్స్‌ను 6-4, 3-6, 6-4తో ఓడించింది! అదే ఏడాది రియో ఒలింపిక్స్‌లో రజతం, యూఎస్ ఓపెన్, 28 ఏళ్లకు నంబర్ వన్. మరుసటేడు ఫ్రెంచ్ ఓపెన్‌లో టాప్ సీడ్‌గా దిగి మళ్లీ మొదటి రౌండ్‌లోనే ఓటమి. 2018లో వింబుల్డన్ కప్పు. తల్లయ్యాక కూడా తిరిగొచ్చి, 2024 పారిస్ ఒలింపిక్స్ క్వార్టర్స్‌లో మూడు సెట్లు పోరాడి ఆట ముగించింది.

మా కోర్టులో పిల్లలు టెన్త్‌కొచ్చేసరికి ఒక్కొక్కరే మాయమవుతారు. "ఇక లాభం లేదు సార్" అంటారు నాన్నలు. పద్నాలుగేళ్లకే లాభనష్టాలు తేల్చేస్తే ఎలాగండీ? పరీక్షలయ్యాక ఆ రాకెట్ అటక మీంచి దింపండి. స్ట్రింగులు తెగి ఉంటే నా దగ్గరికి తెండి, డబ్బులేమీ అక్కర్లేదు, నేనే వేసిస్తాను.